ఏరేటర్‌లో ఏరియా లేదు: ఇంగ్లీషు మాటను పలకడం, రాయడం ఎలా

రావులపాలెంలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు, పిల్లల బయోడేటాలు చేస్తాం. పొద్దున్న షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా తెలుగు, ఇంగ్లీషు అక్షరాలతోనే నా పని. కొన్నేళ్ల కిందట ఐ.పోలవరం వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చి, చెరువుల్లో నీళ్లు చిలికి గాలి పట్టించే మిషన్ల దుకాణం పెడుతున్నానని బోర్డు ఆర్డరిచ్చారు. పది అడుగులు బై నాలుగు. ఆయన ‘ఏరియేటర్లండి’ అన్నారు. నేను చెవిన పడ్డట్టే ఏ-ఆర్-ఇ-ఏ అని మొదలుపెట్టి కొట్టేశాను. ఏరియా అనే మాట చేతికి అలవాటే కదా. బోర్డు కట్టిన మర్నాడు ఫోను.

“ఏవండీ, మా అబ్బాయి చూసి నవ్వుతున్నాడండి. స్పెల్లింగు తప్పంటండి.”

డిక్షనరీ తీస్తే ఏ-ఇ-ఆర్-ఏ-టి-ఓ-ఆర్. పలకడం ఏ-రే-టర్, మూడే ముక్కలు. ఏరియాకూ దానికీ చుట్టరికమే లేదు. ఏరోప్లేన్‌లో గాలికి గుర్తుగా ఉండే ఏ-ఇ-ఆర్ ఇది. నా డబ్బులతో ఇంకో ఫ్లెక్సీ కొట్టించి ఇచ్చాను. తప్పు పలికాం కాబట్టి తప్పు రాశాం, అంతే. ఆ వారమే ఒక నోటుబుక్కు పెట్టాను. కింద చెప్పేదంతా అందులోంచే.

ముందు సిగ్గు పక్కన పెట్టండి

మనం బస్సు అంటాం, రోడ్డు అంటాం, చెరువు లీజుకిచ్చాం అంటాం, సినిమా రిలీజు అంటాం, ఆర్టీసీ డిపో అంటాం. ఇవేవీ తప్పులు కావు. ఇవి తెలుగు మాటలైపోయాయి. చెరువు గట్టు మీద నిలబడి ‘లీస్‌కిచ్చానండి’ అంటే ఎదుటివాడు అదోలా చూస్తాడు. చిక్కెక్కడంటే, అదే మాట ఇంగ్లీషు వాక్యంలో వాడాల్సి వచ్చినప్పుడు కూడా మనం ఇంటి మాటనే పట్టుకెళ్తాం. ఇంగ్లీషులో అది లీస్, రిలీస్. చివర వినపడేది స, జ కాదు. డిపో అక్కడ డెపో, చివరున్న టి నోరెత్తదు. అంచేత ఒక్కో మాటకు రెండు పద్దులు రాసుకోవాలి, తెలుగు పద్దు ఒకటి, ఇంగ్లీషు పద్దు ఒకటి. మొదటిది కొట్టేయక్కర్లేదు. రెండోది కొత్తగా తెరవాలి.

అటు వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? మన వరిగట్లు తవ్వే పందికొక్కును పట్టుకెళ్లి బ్యాండికూట్ చేసి డిక్షనరీలో పెట్టుకున్నారు. కాకినాడను కోకనాడ అన్నారు, ఏలూరును ఎల్లోర్ అన్నారు. కాకినాడ టౌన్ స్టేషన్‌కి రైల్వే కోడు ఇప్పటికీ సి-సి-టి, ఏలూరుకి ఇ-ఇ. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్ట వాళ్ల కాగితాల్లో ఆనికట్ అయింది. అది తమిళుల అణైక్కట్టు లోంచి తీసుకున్న మాట. మాట ఊరు దాటితే రూపు మారుతుంది. మార్చినందుకు వాళ్లలో ఎవరూ టెన్షన్ పడలేదు.

నోటుబుక్కు గీయడం

రెండొందల పేజీల రూళ్ల పుస్తకం చాలు. పేజీని నిలువుగా మూడు గళ్లు చేయండి. మొదటి గడిలో మనం అనే తీరు, రెండో గడిలో ఇంగ్లీషులో వినపడే తీరు తెలుగు అక్షరాల్లో, మూడో గడిలో స్పెల్లింగు. రోజుకు ఐదు మాటలకు మించొద్దు. ‘కష్టమైన వంద పదాలు’ లాంటి జాబితాల జోలికి పోకండి. వాటిలో సగం మాటలు మీ జన్మలో అవసరం పడవు. మీ పనిలో రోజూ తిరిగే మాటలే రాయండి. రొయ్యల సాగులో ఉంటే సాలినిటీ, అమోనియా, హ్యాచరీ. నర్సింగు చదువుతుంటే మందుల పేర్లు. లారీ ఆఫీసులో ఉంటే పర్మిట్, టైర్, ఇన్‌వాయిస్.

నా మొదటి పేజీలో కొన్ని వరసలు ఇవి:

కాయర్. ఇంగ్లీషులో కోయర్. సి-ఓ-ఐ-ఆర్. (కోనసీమ కొబ్బరి పీచు. అసలిది మలయాళం వాళ్ల కయర్. అంటే మన కాయరే తల్లికి దగ్గర, ఇంగ్లీషు వాడిది దూరం.)

కెనాల్. ఇంగ్లీషులో క-న్యాల్, బరువు (అంటే నొక్కి పలకడం) రెండో ముక్క మీద. సి-ఏ-ఎన్-ఏ-ఎల్.

అక్విడెక్టు. ఇంగ్లీషులో ఆక్-వి-డక్ట్, బరువు మొదటి ముక్క మీద. ఏ-క్యూ-యు-ఇ-డి-యు-సి-టి. (నది మీదుగా కాలువను దాటించే వంతెన.)

ఈ చివరి దాని దగ్గర జాగ్రత్త. పి.గన్నవరం డొక్కా సీతమ్మ అక్విడెక్టు పేరు ఫ్లెక్సీ మీద వేయాలంటే పదిమందిలో ఆరుగురు క్యూ-యు తర్వాత ఏ రాసిస్తారు. తప్పు వాళ్లది కాదు. ఇక్కడ ఊరంతా ఆక్వా బోర్డులే. ఆక్వాకల్చర్‌లో క్యూ-యు-ఏ, అక్విడెక్టులో క్యూ-యు-ఇ. చెరువుకి ఏ, కాలువకి ఇ అని గుర్తుపెట్టుకున్నాను నేను.

ముందు వినండి, తర్వాత చూడండి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. మనకు 56 అక్షరాలు. రాసినట్టు పలుకుతాం, పలికినట్టు రాస్తాం. అచ్చులో ఏ మాట కనపడినా కన్ను దాన్ని అలాగే చదివేస్తుంది. ఇంగ్లీషులో 26 అక్షరాలు, శబ్దాలు సుమారు 44. అక్షరాలు చాలక ఒక్కోటి రెండు మూడు పనులు చేస్తుంది. పైగా కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గడ్డకట్టుకుంటూ వచ్చాయి. జనం నోట్లో అచ్చులు మాత్రం ఆ తర్వాత కూడా రెండొందల ఏళ్ల పైచిలుకు జారుతూనే ఉన్నాయి. రాత పాత ఊళ్లో ఉండిపోయింది, నోరు కొత్త ఊరికి కాపురం మారింది. నైఫ్ ముందున్న కె ఒకప్పుడు నిజంగానే పలికేవారు. డెట్‌లో ఉన్న బి సంగతి వేరు. దాన్ని పలికింది ఎప్పుడూ లేదు. లాటిన్‌లో డెబిటమ్ అని ఉంది కదా అని పండితులు తర్వాత తెచ్చి ఇరికించారు.

కాబట్టి స్పెల్లింగు కంటబడక ముందే మాట చెవిన పడాలి. ఎలాగంటే, ఫోనులో కేంబ్రిడ్జ్‌దో ఆక్స్‌ఫర్డ్‌దో డిక్షనరీ తెరవండి. మాట పక్కన స్పీకరు గుర్తులు రెండుంటాయి, ఒకటి బ్రిటన్‌ది, ఒకటి అమెరికాది. ఇంట్లో పిల్లల్ని ఎవరినైనా పిలిచి మాట టైపు చేయించి, మీరు అటు తిరిగి కూర్చోండి. మూడుసార్లు వినండి. మూడోసారి విన్నాక వినపడింది వినపడినట్టు తెలుగులో రెండో గడిలో రాసేయండి. అప్పుడు తిరిగి చూసి మూడో గడి నింపండి. మాకు తెలిసిన మాటే కదా అని వినడం మానేస్తే ఆ మాటే మోసం చేస్తుంది. బిస్కెట్ ఎంత తెలిసిన మాట? బి-ఐ-ఎస్-సి-యు-ఐ-టి. యు ఎందుకుందో బిస్కిట్ తినేటప్పుడు ఎవరూ అడగరు.

బ్రిటన్‌దా, అమెరికాదా? మన బడి పుస్తకాలు బ్రిటన్ స్పెల్లింగు మీద నడుస్తాయి కాబట్టి రాతకు అదే పట్టుకోండి. పలకడంలో ఏదైనా ఒకటే. షెడ్యూల్ అన్నా స్కెడ్యూల్ అన్నా కొంప మునగదు.

బరువు ఎక్కడ పడుతోంది

మా మేనకోడలు బీటెక్ అయ్యి ఇంటర్వ్యూలకు తయారవుతూ నా షాపుకొచ్చింది. బయోడేటా ప్రింటు తీస్తూ ఒకసారి బనానా అనమన్నాను.

“అదేంటి మావయ్యా, రావులపాలెంలో పుట్టి అరటిపండుకి కూడా డిక్షనరీయా?”

నిజమే, మా ఊరి అరటి మార్కెట్టులో గెలలు చూడని పిల్ల కాదు. కానీ అంది చూడండి: బ, నా, నా. మూడూ నిండుగా, మూడూ సమానంగా, తూకంలో పెట్టినట్టు. స్పెల్లింగులో మూడు ఏ లున్నాయి కాబట్టి మూడూ పలకాలనుకుంది. డిక్షనరీలో వినిపించాను. మొదటి ముక్క పెదవి విప్పీ విప్పకుండా అన్నట్టుంది, నడిమి నా ఒక్కటే పొడుగ్గా, గట్టిగా, ఆఖరి న నీరుగారి పోయింది. బ-నా-న. గెలలో పెద్ద హస్తం ఒకటి, అటూ ఇటూ చిన్నవి రెండు.

తెలుగులో ప్రతి ముక్కకూ దాని వాటా దానికి ఇస్తాం. హ్రస్వమైతే హ్రస్వం, దీర్ఘమైతే దీర్ఘం, మాటలో ఎక్కడున్నా మర్యాద తగ్గదు. ఇంగ్లీషు అలా కాదు. ఒక ముక్కను నెత్తిన పెట్టుకుని మిగతావాటిని తొక్కేస్తుంది. తొక్కబడ్డ చోట అచ్చు ఏదైనా సరే, మసకగా సగం అ లాగా వినపడుతుంది. అందుకే టీచర్ చివర ఇ-ఆర్, డాక్టర్ చివర ఓ-ఆర్, డాలర్ చివర ఏ-ఆర్ ఉన్నా మూడూ ఒకేలా మోగుతాయి. మన ఇంగ్లీషు బయటివాళ్లకు అర్థం కాకపోవడానికి పెద్ద కారణం జ పలకలేకపోవడమో, త పలకలేకపోవడమో కాదు. బరువు తప్పు చోట పెట్టడం. ఇది నా అనుభవం.

రెండో గడిలో మాట రాసేటప్పుడు బరువు ముక్క కింద గీత గీయండి. నీరసం ముక్కను చిన్న అక్షరంతో రాయండి. డిక్షనరీలో ఉచ్చారణ గుర్తుల మధ్య, పైన చిన్న నిలువు గీత ఒకటి కనపడుతుంది. దాని వెనకే వచ్చే ముక్క మీద బరువు. కొన్ని వెంటనే సరిచూసుకోండి. హోటల్‌కి బరువు రెండో ముక్క మీద, హో-టెల్. డెవలప్‌కి కూడా రెండో దాని మీదే, డి-వె-లప్. సాలినిటీకి స-లి-నిటి. కంఫర్టబుల్‌ని నాలుగు ముక్కలు చేసి లాగొద్దు, కంఫ్-త-బుల్ దగ్గర ఆగిపోతుంది. వెజిటబుల్ కూడా వెజ్-త-బుల్. ఈ రెండిట్లో త అని రాశాను గానీ పలికేది ట నే, నాలుక పళ్లకి కాకుండా పై చిగురుకు తగిలే ట.

రికార్డ్ అనే మాట ఇంకో విచిత్రం. పేరు (నౌన్) అయితే బరువు మొదట, రె-కార్డ్. పని (వెర్బ్) అయితే బరువు చివర, రి-కార్డ్. ప్రెజెంట్, పర్మిట్ కూడా ఇదే కుటుంబం. ఫోటోగ్రాఫ్‌కి మొదటి ముక్క మీద, ఫొటాగ్రఫీకి రెండో దాని మీద, ఫోటోగ్రాఫిక్‌కి మూడో దాని మీద. మాట పొడుగు పెరిగేకొద్దీ బరువు ఒక్కో మెట్టు దిగింది.

మేనకోడలు వారం రోజులు అదే పని. తన బయోడేటాలో ఉన్న మాటలన్నిటికీ కింద గీతలు గీసుకుని తిరిగింది.

మన నోరు ఎక్కడెక్కడ దారి తప్పుతుంది

జంట అక్షరం చూస్తే మనం ఒత్తు పెట్టేస్తాం. సమ్మర్, డిన్నర్, హ్యాప్పీ, అమ్మోనియా. ఇంగ్లీషులో ఒకే మాట లోపల ఒత్తు లేదు. సమర్, డినర్, హాపీ, అమోనియా. మరి రెండు అక్షరాలెందుకంటారా? చాలాచోట్ల అవి ముందున్న అచ్చును పొట్టిగా ఉంచమని చెప్పే కాపలాదార్లు. ఒక ఎన్ ఉంటే డైనర్, రెండు ఎన్‌లుంటే డినర్. ఒక పి ఉంటే హోపింగ్, ఆశపడటం. రెండు పి లుంటే హాపింగ్, గెంతడం. ఈ ఒక్క ముక్క పట్టుబడితే పలకడం, రాయడం రెండూ ఒకేసారి బాగుపడతాయి.

జ సంగతి కాస్త ఓపికగా చూడాలి. జెడ్ అక్షరం శబ్దం మన జ కాదు. జడ, జామకాయ అంటారు చూడండి, అక్కడి జ కొంచెం దగ్గరగా వస్తుంది, కానీ అదీ కాదు. పరీక్ష చెబుతాను. పాము బుసకొట్టినట్టు స్‌స్‌స్ అంటూ ఉండండి. నాలుక కదపకుండా గొంతు కలపండి. తుమ్మెద మోత వస్తుంది. గొంతు మీద వేలు పెడితే జిలజిలమంటుంది. అదే జెడ్. మన జ ని అలా సాగదీయలేరు, ఒక్కసారి అని వదిలేయాల్సిందే. జూ, జీరో, బిజీ, రీజన్ అన్నిట్లో ఈ తుమ్మెదే.

అసలు తంటా తుమ్మెద ఎక్కడ ఉండకూడదో అక్కడ మనం పెట్టడంలో ఉంది. లీస్, రిలీస్, ఇంక్రీస్, పర్చస్, ఇవన్నీ స తో ముగుస్తాయి. మనం అన్నిటినీ జ చేశాం. కొన్ని జంటల్లో స, జెడ్ మారితే అర్థమే మారుతుంది. లూస్ అంటే వదులు, రెండు ఓ లు. లూజ్ అంటే పోగొట్టుకోవడం, ఒకే ఓ. అడ్వైస్ సలహా, సి తో. అడ్వైజ్ సలహా ఇవ్వడం, ఎస్ తో. యూస్ పేరు, యూజ్ పని, రెండిటికీ రాత మాత్రం ఒకటే.

బ్యాంక్, క్యాష్, క్యాట్ లలో మనం య రాస్తాం కాబట్టి య పలుకుతాం. అక్కడ య లేదు. ఆ అచ్చుకు మన లిపిలో గుర్తు లేదు గానీ, మన నోట్లో అచ్చు ఉంది. చేప అనండి. ఇప్పుడు చేను అనండి. రాత రెండిట్లోనూ ఏత్వమే. నోరు మాత్రం చేప దగ్గర ఎక్కువ తెరుచుకుంటుంది. మేడ, మేక కూడా అంతే. ఆ చేపలో ఏత్వాన్ని కుదించి పొట్టిగా అంటే క్యాట్‌లో అచ్చు వచ్చేస్తుంది. గోదారోళ్లకి చేప అనడం ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

వి, డబ్ల్యు లకు మన దగ్గర ఒకటే వ. అద్దం ముందు నిలబడండి. వి-ఇ-ఎస్-టి వెస్ట్, అంటే బనియను. దీనికి పై పళ్లు కింది పెదవికి తగలాలి. డబ్ల్యు-ఇ-ఎస్-టి వెస్ట్, అంటే పడమర. దీనికి ఈల వేసేముందు చుట్టినట్టు పెదవులు చుట్టాలి, పళ్లు కనపడకూడదు.

మిగతావి గబగబా. మాట చివర ఉ చేర్చడం ఇంగ్లీషు పద్దులో మానేయండి, బస్, రోడ్, బల్బ్. ఎ, ఒ లతో మొదలయ్యే మాటలకు య, వ లు తగిలించొద్దు, యెగ్ కాదు ఎగ్, వోన్లీ కాదు ఓన్లీ. బోర్డుల మీద యమ్, యల్, యస్ అని రాయడం కూడా ఈ అలవాటే. ఇ-డి తో ముగిసే మాటల్లో, ముందు ట గానీ డ గానీ వినపడితేనే ఇడ్ అనాలి, వాంటిడ్, నీడిడ్. ముందు క, ప, స, ష, చ, ఫ లాంటివి వినపడితే ట్ చాలు, వర్క్ట్, స్టాప్ట్, వాష్ట్. మిగతా చోట డ్, ప్లేడ్, కాల్డ్. షిప్, షీప్ తేడా గురించి దిగులు పడకండి. హ్రస్వం దీర్ఘం మనకు ఉగ్గుపాలతో వచ్చినవే.

మూగ అక్షరాన్ని పట్టుకోవడం

బిల్లు పుస్తకాలు కొట్టేవాళ్లకు రిసీట్ రోజూ తగిలే మాట. ఆర్-ఇ-సి-ఇ-ఐ-పి-టి. పి పలకదు, అందుకే మర్చిపోతాం. నా ఉపాయం ఒకటే, మాట మూగదైతే దాని చెల్లెలి ఇంటికి వెళ్లండి. రిసెప్షన్‌లో పి గట్టిగా మాట్లాడుతుంది. పెళ్లి రిసెప్షన్ కార్డు గుర్తుకొస్తే బిల్లులో పి పోదు. సైన్‌లో జి మూగ, సిగ్నేచర్‌లో పలుకుతుంది. బాంబ్ చివరి బి ఇంగ్లీషులో మూగ, బొంబార్డ్‌లో లేస్తుంది. కాలమ్ చివరున్న ఎన్ కాలమ్నిస్ట్ అన్నప్పుడు బయటపడుతుంది. మజిల్ అనే కండరంలో సి వినపడదు, మస్క్యులర్‌లో క అయి వినపడుతుంది.

ఇదే ఉపాయం మసక అచ్చులకూ పనికొస్తుంది. గ్రామర్ చివర ఏ-ఆరా, ఇ-ఆరా? గ్రమ్యాటికల్ అనండి. బరువు అక్కడికి దిగింది, ఏ తెలిసిపోయింది. డెఫినిట్ మధ్యలో ఐ ఉందా, ఏ ఉందా? అందులో ఫైనైట్ దాక్కుని ఉంది, కాబట్టి ఐ.

ఆన్, ఏ అనే ఆర్టికల్స్ కూడా చెవి పనే. అవర్‌లో హెచ్ మూగ కాబట్టి ముందు ఆన్. యూనివర్సిటీ యు తో మొదలైనా వినపడేది య కాబట్టి ముందు ఏ.

సి, జి అక్షరాలకు ఒక సూత్రం చాలా దూరం నడుస్తుంది. వెనక ఇ, ఐ, వై వస్తే సి కి స శబ్దం, లేకపోతే క. సైకిల్ స్పెల్లింగు చూడండి, సి-వై-సి-ఎల్-ఇ. మొదటి సి వెనక వై, కాబట్టి స. రెండో సి వెనక ఎల్, కాబట్టి క. ఒకే బండికి రెండు చక్రాలూ దొరికాయి. జి కి కూడా అదే, ఇ, ఐ, వై ముందు జ, మిగతా చోట గ. కానీ గెట్, గివ్, గర్ల్, గిఫ్ట్ ఈ మాట వినవు.

మాట చివర ఊరికే కూర్చున్న ఇ ఊరికే కూర్చోలేదు. కిట్ వెనక చేరితే కైట్, కట్ వెనక చేరితే క్యూట్. హ్యావ్, గివ్, కమ్ లాంటి మొండివి మాత్రం ఉన్నాయి.

ఇక మా షాపులో ఎక్కువగా తప్పే నాలుగు. పెన్నులు, పుస్తకాల దుకాణం స్టేషనరీలో చివర ఇ-ఆర్-వై, కవరును ఎన్వలప్ అంటాం కాబట్టి ఇ అనుకోండి. ఏ-ఆర్-వై అని రాస్తే కదలకుండా ఉన్నది అని అర్థం. కదలని దుకాణమే అనుకోండి, అయినా తప్పే. అకామడేషన్‌కి రెండు సి లు, రెండు ఎమ్‌లు, లాడ్జీలో డబుల్ రూము తీసుకున్నాయన్నమాట. ఉత్సవ కమిటీకి ఎమ్, టి, ఇ మూడూ జంటలే. నగల షాపు జ్యువెలరీకి మన లెక్కలో రెండు ఎల్‌లు, వెనకే ఇ-ఆర్-వై.

కంప్యూటర్లో కలర్ అని ఓ-యు-ఆర్ తో కొడితే కింద ఎర్రగీత వస్తుంది. తప్పు మీది కాదు. అమెరికాలో వెబ్‌స్టర్ 1828లో వేసిన డిక్షనరీలో యు తీసేశాడు, మీ మిషన్ ఆయన శిష్యుడు. సెట్టింగుల్లో భాషను ఇంగ్లీష్ ఇండియా అని మార్చండి, గీత పోతుంది.

సరిచూసుకోవడం

ఫోను కీబోర్డు మీద మైకు గుర్తు ఉంటుంది. భాష ఇంగ్లీష్ పెట్టి, నోటుబుక్కు రెండో గడిలో రాసుకున్న మాట దానికి చెప్పండి. సరిగ్గా టైపు చేసిందంటే దాదాపు దారిలో పడ్డట్టే. వాక్యాలు చెప్పకండి, చుట్టూ ఉన్న మాటలు చూసి అది ఊహించేస్తుంది. లీస్ ఒక్కటే చెప్పండి, లూస్ ఒక్కటే చెప్పండి. వెస్ట్ రెండు రకాలుగా చెప్పి ఏది పడిందో చూడండి. నాకు పడమర పడటానికి నాలుగు రోజులు పట్టింది, అన్నాళ్లూ బనియనే వచ్చింది.

రాత విషయంలో అయితే, ప్రింటుకిచ్చే ముందు మాటను వెనక నుంచి ముందుకు ఒక్కో అక్షరం చదవండి. ముందు నుంచి చదివితే కన్ను అర్థాన్ని చూస్తుంది, అక్షరాన్ని చూడదు. వెనక నుంచి అర్థం ఉండదు కాబట్టి అక్షరమే కనపడుతుంది. ఏరేటర్ బోర్డు నాడు ఈ పని చేసి ఉంటే ఆర్ వెనక ఇ ఉందేంటని అక్కడే ఆగేవాణ్ణి.

ఒక్కచోట మాత్రం పైన చెప్పిందేదీ పనిచేయదు. మనుషుల పేర్లు. లక్ష్మి అనే పేరును ఎక్స్-ఎమ్-ఐ తో ముగించేవారున్నారు, కె-ఎస్-హెచ్-ఎమ్-ఐ తో ముగించేవారున్నారు. సీతలో త కి ఒకరు టి, ఒకరు టి-హెచ్ రాస్తారు. ఇందులో రైటూ లేదు, తప్పూ లేదు, డిక్షనరీ అసలే లేదు. శుభలేఖకు పెళ్లికూతురి పేరు నోటితో చెప్పి ‘మీకు తెలుసు కదండీ, కొట్టేయండి’ అంటారు. ఆయ్, తెలీదండి, అంటాను. ఆధార్ కార్డు చూపించేదాకా కీబోర్డు ముట్టుకోను.